తూము కింద బండ

మా పెదనాన్న కొడుకు అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్నాడు. పోయిన ఎండాకాలం ఒకరోజు పొద్దున్నే వీడియో కాల్ చేశాడు. ఫోన్ అవ్వ చేతిలో ఉంది. తెరమీద అన్న మోకాళ్ల దాకా ఎర్రటి బురదలో నిలబడి ఉన్నాడు. పక్కన ఇంకో పదిమంది, తెల్లవాళ్లే, టార్పాలిన్ పట్ట మీద చిందులేస్తున్నట్టు మట్టి తొక్కుతున్నారు.

"ఏంది నాయనా, అంత దూరం పోయి అడుసు తొక్కుతున్నావా? చదువు మానేసినావా ఏంది?" అంది అవ్వ.

"ఇదీ చదువే అవ్వా. ఒరెగాన్ అని, ఒక రాష్ట్రం. మట్టి ఇల్లు కట్టడం నేర్పిస్తారు. వారం రోజులు. ఫీజు కట్టి వచ్చా."

ఎంత కట్టావని అడిగింది. డాలర్లను రూపాయలు చేసి చెప్పాడు. అవ్వ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ డబ్బు నాకిచ్చింటే ఇంటి ముందరే తొక్కించేదాన్ని గదరా" అంది. అందరం నవ్వాం.

నేను మాత్రం మనస్ఫూర్తిగా నవ్వలేకపోయాను. ఎందుకంటే అప్పటికి ఆరు నెలల కిందటే యర్రగొండపాలెం దగ్గర మా అవ్వ మిద్దెలో ఉత్తరం వైపు గోడ అడుగు నుంచి విరిగి కూలిపోయింది. ఎవరూ లోపల లేరు కాబట్టి సరిపోయింది. ఆ గోడ కూలడానికి కారణం వాన అని ఊళ్లో అనుకున్నారు. కారణం నేను. ఫస్టియర్ సివిల్ చదువుతూ, సెలవులకు ఇంటికి పోయి ఇచ్చిన సలహా వల్ల అది కూలింది. ఆ సలహాలో తప్పేమిటో తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. తెలుసుకున్నది మన సిలబస్‌లో దాదాపు లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. సివిల్ కాని వాళ్లు కంగారు పడకండి, ఉన్న లెక్కలు రెండు మూడే.

ముందు మిద్దె అంటే ఏమిటో చెప్పాలి. కోస్తా నుంచి వచ్చిన ఫ్రెండ్స్ మిద్దె అంటే మేడ అనుకుంటారు. మా పశ్చిమ ప్రకాశంలో, అటు కర్నూలు, కడప వైపు మిద్దె అంటే బల్లపరుపు మట్టి కప్పు ఉన్న ఇల్లు. మట్టి గోడలు, లేదా మట్టి అడుసుతో పేర్చిన రాతి గోడలు, మూరెడు మందం ఉంటాయి. గోడల మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలు. వాటి మీద వెదురో, కట్టెపుల్లలో, రాయి దొరికే చోట పలచటి బండలో పరుస్తారు. దాని మీద ఆకు, ఆ పైన మట్టి, అన్నిటికంటే పైన చవుడు. చవిటి మట్టి తడిస్తే మెత్తగా అంటుకుపోయి నీటిని కిందికి పోనివ్వదు. అందుకే ఏటా వానలకు ముందు మిద్దె మీద చవుడు కొట్టించేవాళ్లు. గది మధ్యలో వెలుతురు కోసం కప్పుకు ఒక కన్నం, దాన్ని గవాచి అంటాం. పైన పడ్డ వాన కిందికి పోవడానికి పిట్టగోడలో తూము. తూము నుంచి నీళ్లు ఎత్తుగా బయటికి దూకుతాయి. ఈ తూమును గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

మార్కాపురం ఎండలు 44 డిగ్రీలు దాటిన రోజుల్లో కూడా మధ్యాహ్నం మిద్దెలో పడుకోవచ్చు. మూరెడు మట్టి గోడకు బయట తగిలిన వేడి లోపలికి చేరేసరికి పది గంటలకు పైగా పడుతుంది. అప్పటికి బయట రాత్రి. కరెంటు పోయినప్పుడు మా స్లాబ్ ఇంట్లోంచి అందరం అవ్వ మిద్దెలోకే పోతాం. ఇది గొప్ప చెప్పుకోవడానికి కాదు, నిజంగా అంతే.

అడవిలో మా దగ్గరి చెంచు గూడేల్లో పాత ఇళ్ల పద్ధతి వేరు. వెదురు తడికల గోడలు, పైన గడ్డి కప్పు. తడికకు మట్టి మెత్తుతారు. దానికి బరువు తక్కువ, కదిలినా ఊగుతుంది గానీ మీద పడి చంపదు. ఈ సంగతి కూడా తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు అన్న ఫీజు కట్టి నేర్చుకున్న దాని సంగతి. దాన్ని కాబ్ అంటారు. ఇంగ్లండులో డెవన్ ప్రాంతంలో కొన్ని వందల ఏళ్లుగా ఉన్న పద్ధతి. మట్టి, ఇసుక, గడ్డి కలిపి కాళ్లతో తొక్కి, అచ్చులు లేకుండా ముద్దలు ముద్దలుగా గోడ లేపడం. ఇరవయ్యో శతాబ్దంలో సిమెంటు వచ్చి అది వెనకబడింది. 1990ల్లో ఒరెగాన్‌లో కొందరు దాన్ని మళ్లీ పట్టుకుని, కోర్సులుగా నేర్పడం మొదలుపెట్టారు. అలా అమెరికాలో నేచురల్ బిల్డింగ్ అనే మాటకు ఒరెగాన్ ఒక పుట్టిల్లు అయింది. మన దేశంలో కూడా ఇలా నేర్పే చోట్లు ఉన్నాయి. పుదుచ్చేరి పక్కన ఆరోవిల్ ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ అందులో పేరున్నది. వాళ్లు మట్టిలో 5 శాతం దాకా సిమెంటు కలిపి మెషీన్‌తో నొక్కి ఇటుకలు చేస్తారు, కాల్చకుండా.

అన్న కోర్సులో మొదటి రోజు పాఠం సీసా పరీక్ష. ఇది మీరు హాస్టల్లో కూడా చేయొచ్చు. పారదర్శకంగా ఉన్న సీసాలో మూడో వంతు మట్టి వేసి, నిండా నీళ్లు పోసి, చిటికెడు ఉప్పు వేసి బాగా ఊపి కదలకుండా పెట్టండి. ఒకటి రెండు నిమిషాల్లో ఇసుక అడుగుకు చేరుతుంది. కొన్ని గంటల్లో ఒండ్రు దాని మీద పొరగా పేరుకుంటుంది. బంకమట్టి మాత్రం మర్నాటికి గానీ దిగదు. పొరల మందం కొలిస్తే దేనిపాలు ఎంతో తెలుస్తుంది. గోడకు బంక ఐదో వంతు అటూ ఇటూగా ఉంటే మంచిది. ఎక్కువైతే ఆరేటప్పుడు పగుళ్లిస్తుంది, తక్కువైతే రాలిపోతుంది. ఆరోవిల్ వాళ్లు సిమెంటు కలిపే ఇటుకకు చెప్పే లెక్క కూడా దీనికి దగ్గరే: సన్న గులకరాళ్లు 15, ఇసుక 50, ఒండ్రు 15, బంక 20.

అవ్వను అడిగితే సీసా గీసా ఏమీ లేదు. మట్టిని తడిపి వేలిమందాన తాడులా పేని, అరచేతి మీంచి కిందికి వేలాడదీస్తుంది. వెంటనే తెగితే ఇసుక ఎక్కువ. చాలా పొడుగు సాగి చేతికి జిగురుగా అంటుకుంటే ఇసుక కలపాలి. నల్లరేగడి అయితే అసలు చేతిలోకి తీసుకోదు, "అది ఎండాకాలం నోరు తెరుస్తాది" అంటుంది. మా ఊరి పేరులోనే ఎర్ర కొండ ఉంది, ఎర్రమట్టికి కొదవ లేదు. తొక్కే ముందు మట్టిని మూడు నాలుగు రోజులు నానబెట్టి మాగేస్తుంది. తరిగిన జొన్న చొప్పో వరిగడ్డో కలుపుతుంది. గడ్డి ఎందుకంటే, మట్టి ఆరి ముడుచుకునేటప్పుడు ఒకే పెద్ద పగులు రాకుండా, ఆ లాగుడును వెంట్రుకల్లాంటి చిన్న చిన్న పగుళ్లుగా పంచుతుంది. ఫైబర్ కాంక్రీటులో ఫైబర్ చేసేది అదే పని. గోడ ఒక వరస అడుగున్నర లేపి, అది ఆరేదాకా ఆగి, ఇంకో వరస. అన్నకు అక్కడ చెప్పింది కూడా దాదాపు ఇంతే. "ఇద్దరు మాస్టార్లు కలుసుకోకుండానే ఒకే పాఠం చెప్తున్నారు" అన్నాడు వాడు.

అయితే కోర్సు అయిపోయాక ఆదివారం అన్న చూసిన ఒక జలపాతం వల్లే నాకు నా తప్పు అర్థమైంది. ఒరెగాన్‌లో సిల్వర్ ఫాల్స్ అని ఒక పార్కు ఉంది. ఒకే కాలిబాట పట్టుకుని నడిస్తే పది జలపాతాలు చూడొచ్చు. వాటిలో సౌత్ ఫాల్స్ 177 అడుగుల ఎత్తు. దాని ప్రత్యేకత ఎత్తు కాదు, నీటి తెర వెనక్కి నడిచి వెళ్లొచ్చు. అన్న తెర వెనకనుంచి వీడియో పంపాడు. పైన కప్పులా నల్లటి బసాల్ట్ రాయి. దాని కింద గోడ లోపలికి పోయి పెద్ద గుహ. ముందు నీళ్లు పడుతున్నాయి.

ఆ గుహను ఎవరూ తవ్వలేదు. పైన ఉన్న బసాల్ట్ గట్టిది, దాని కింద ఉన్న పొర మెత్తది. పడిన నీళ్లు కింద కొట్టుకుని చిమ్మిన తుంపర, ఆ చెమ్మ మెత్తటి పొరను కొంచెం కొంచెంగా తినేశాయి. పై రాయి గాల్లో మిగిలింది. ఒకరోజు అది కూడా విరిగి పడుతుంది. నయాగరాలో జరిగేది కూడా ఇదే. పైన గట్టి డోలమైట్, కింద మెత్తటి షేల్. కింద తొలుచుకుపోతుంది, పైది విరుగుతుంది, జలపాతం వెనక్కి జరుగుతుంది. సుమారు 12,000 ఏళ్లలో 11 కిలోమీటర్లు వెనక్కి నడిచింది. బఫెలోలో చదివే మన సీనియర్లు అందరూ దాని ముందు ఫోటో దిగుతారు, ఎవరూ ఇది చెప్పరు!

ఆ వీడియో చూశాక నేను మా వైపు జలపాతం చూడటానికి పోయాను. నీళ్లు లేని ప్రాంతం వాడు జలపాతం గురించి రాయడమేంటని మీకు నవ్వొచ్చినా, నల్లమల మాకు ఆనుకునే ఉంది. మార్కాపురం, కంభం మీదుగా పోతే రాచర్ల మండలంలో జె.పి.చెరువు దాటాక అడవిలో నెమలిగుండ్ల రంగనాయకస్వామి గుడి ఉంది. శనివారాలు జనం ఎక్కువ. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ అక్కడ రాళ్ల మీంచి గుండంలోకి దూకుతుంది. మయూర మహర్షి నెమలి రూపంలో ఆ గుండాన్ని తవ్వాడని స్థలపురాణం. అక్కడికి పోయేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, అది పులుల అభయారణ్యం వైపు అడవి. చెక్‌పోస్టు దగ్గర చెప్పిన టైములోపే వచ్చేయాలి. గుండంలోకి దిగి సెల్ఫీలు వద్దు, లోతు పైకి తెలియదు.

నల్లమల కొండల్లో కూడా గట్టి పొర, మెత్తటి పొర ఒకదాని మీద ఒకటి ఉంటాయి. భూగర్భ శాస్త్రవేత్తలు గట్టి పొరను బైరెన్‌కొండ క్వార్ట్‌జైట్ అనీ, షేళ్లు, పలకరాళ్లు ఉన్న మెత్తటి దాన్ని కంభం ఫార్మేషన్ అనీ పిలుస్తారు. మన కంభం పేరే. నూరు కోట్ల ఏళ్లు పైబడిన రాళ్లు ఇవి. మనం చిన్నప్పుడు బలపంతో రాసిన మార్కాపురం పలక ఆ మెత్తటి పొరలోదే. ఒకనాటి బురద అడుగున పడి నొక్కుకుపోయి రాయయింది. మళ్లీ వానకు, ఎండకు విరిగి, నలిగి, అలాంటి రాళ్లే మట్టిగా మారతాయి. ఆ మట్టినే మనం తొక్కి గోడ పెడతాం.

గుండం అంచున కూర్చుని నీళ్లు పడే చోటే చూస్తూ ఉన్నాను. నీళ్లు పడిన చోట గుంట. గుంట పక్కన ఉన్న రాయి కింది భాగంలో తొర్ర. అప్పుడు మా మిద్దె తూము కళ్లముందు మెదిలింది. వాన పడినప్పుడు తూము కూడా ఒక చిన్న జలపాతమే కదా. దాని కింద ఎప్పుడూ ఒక బండ ఉండేది. నల్లటి, మంచమంత బండ. అవ్వ దాన్ని అక్కడినుంచి ఎవరినీ కదలనిచ్చేది కాదు. దాని మీద గిన్నెలు కూడా తోమేది. మేం బైక్ లోపలికి ఎక్కించడానికి ర్యాంపు కావాలని ఆ బండను పెరికి గుమ్మం ముందు వేశాం. అదే సెలవుల్లో నేను ఇచ్చిన రెండో సలహా: "గోడ అడుగున మట్టి రాలిపోతోంది, ఏటా మెత్తే బదులు ఒకసారి సిమెంటు ప్లాస్టరింగ్ చేయిస్తే పర్మనెంట్." మేస్త్రి కూడా సరేనన్నాడు. అవ్వ వద్దంది. "చదువుకున్నోడు చెప్తున్నాడు" అని నాన్న చేయించాడు.

లెక్క ఇప్పుడు చూద్దాం. మా మిద్దె పైకప్పు 30 చదరపు మీటర్లు ఉంటుంది. తుఫాను రోజు 50 మిల్లీమీటర్ల వాన పడిందనుకోండి. 30 ఇంటూ 0.05, అంటే 1.5 ఘనపు మీటర్లు, 1,500 లీటర్లు. అదంతా ఒకటే తూములోంచి, 3 మీటర్ల ఎత్తునుంచి దూకుతుంది. కింద తాకేటప్పటి వేగం సెకనుకు 7.7 మీటర్లు, అంటే గంటకు 28 కిలోమీటర్లు. బండ ఉన్నప్పుడు నీళ్లు దాని మీద పడి వాటంగా బయటికి జారిపోయేవి. బండ లేకపోయేసరికి నేలలో గుంట పడింది, గుంటలో నీళ్లు నిలిచాయి, బురద చిమ్మి గోడకు అడుగున్నర ఎత్తు దాకా కొట్టింది. మా ఇంట్లోనే ఒక నెమలిగుండం తయారైంది.

సిమెంటు ప్లాస్టరు ఉంది కదా, అది కాపాడాలి కదా? అక్కడే అసలు పాఠం. ఎండిన మట్టి గోడకు బలం దేనివల్ల? రేణువుల మధ్య మిగిలిన పలచటి నీటి పొర వాటిని ఒకదానికొకటి లాక్కుంటుంది. దాన్ని సక్షన్ అంటారు. కొంచెం తడి ఇసుకతో బీచ్‌లో గూడు నిలబడుతుంది, పూర్తిగా ఎండినా, పూర్తిగా మునిగినా కూలుతుంది. మట్టిలో బంక ఉంటుంది కాబట్టి ఎండితే కూలదు, ఇంకా గట్టిపడుతుంది. కానీ పూర్తిగా తడిస్తే ఆ లాగుడు సున్నా అవుతుంది. మట్టి గోడ నేలనుంచి ఎప్పుడూ కొంత చెమ్మ పీలుస్తూనే ఉంటుంది. మామూలుగా ఆ చెమ్మ గోడ రెండు ముఖాలనుంచీ గాలికి ఆరిపోతుంది. సిమెంటు పూత ఆ దారి మూసేసింది. ఆరలేని చెమ్మ లోపలే పైకి ఎక్కింది. పైగా సిమెంటు, మట్టి ఒకేలా వ్యాకోచించవు, సంకోచించవు. ఏడాదిలో పూతకు సన్నటి పగుళ్లు వచ్చాయి. వాన నీళ్లు పగులులోంచి లోపలికి పోగలవు, బయటికి రాలేవు. పైకి చూస్తే గోడ బూడిద రంగులో నున్నగా, దృఢంగా ఉంది. తట్టి చూస్తే డొల్ల శబ్దం. నేను తట్టి చూడలేదు.

ఇప్పుడు సివిల్ వాళ్ల కోసం. గోడ మందం 45 సెంటీమీటర్లు, ఎత్తు 3 మీటర్లు. ఒక మీటరు పొడవు గోడ తన బరువే దాదాపు 2,300 కిలోలు. పైకప్పు మట్టి అడుగు మందం ఉంటే చదరపు మీటరుకు 500 కిలోలు, మన మామూలు స్లాబుకు దాదాపు రెట్టింపు. 3 మీటర్ల గదిలో సగం బరువు ఈ గోడకు వస్తుంది కాబట్టి ఇంకో 750. మొత్తం 3,050 కిలోలు. అడుగున వైశాల్యం 4,500 చదరపు సెంటీమీటర్లు. అంటే చదరపు సెంటీమీటరుకు 0.68 కిలో. మంచి ఎండు మట్టి గోడ 10 కిలోల దాకా మోస్తుంది. పద్నాలుగు రెట్లు భద్రత! ఇంత భద్రత ఉన్న గోడ ఎలా కూలింది?

అడుగున బయటివైపు 15 సెంటీమీటర్లు తినేసిందనుకోండి. మిగిలింది 30. బరువు మాత్రం పాత మధ్యరేఖ మీదే దిగుతోంది, అది కొత్త మధ్యరేఖకు 7.5 సెంటీమీటర్లు పక్కకు పడుతుంది. మిడిల్ థర్డ్ రూల్ ప్రకారం 30లో ఆరో వంతు, 5 సెంటీమీటర్లు దాటకూడదు. దాటింది. లోపలివైపు అంచు నొక్కు లేక తెరుచుకుంటుంది, బయటివైపు అంచు మీద ఒత్తిడి 2.7 కిలోలకు చేరుతుంది, నాలుగింతలు. ఆ బయటి అంచే పూర్తిగా తడిసి ఉన్నది. 10 కిలోలు మోసే శక్తి అక్కడ లేదు. డిసెంబర్‌లో ఒక రాత్రి గోడ కింద బయటికి జారి, పైది దాని మీద కూర్చుంది.

ఎంతవరకు తింటే ప్రమాదం అని సమీకరణం వేసి చూశాను. పోయిన మందం x అనుకుంటే (45 – x)లో ఆరో వంతు, x లో సగానికి సమానం కావాలి. x 11.25 వస్తుంది. సరిగ్గా గోడ మందంలో పావు వంతు. ఈ లెక్క నోట్‌బుక్‌లో వేసుకుని అవ్వ దగ్గరికి పోయి, అడుగున ఎంత పోతే మెత్తాలి అవ్వా అని అడిగాను. "బెత్తెడు లోపలికి పోయిందంటే ఆ ఎండాకాలమే మెత్తాల. అంతకంటే ఆగకూడదు" అంది. బెత్తెడు అంటే నాలుగు వేళ్ల వెడల్పు, ఏడు ఏడున్నర సెంటీమీటర్లు. భద్రత చూసుకునే చెప్పింది.

డెవన్‌లో ఒక మాట ఉందట, మట్టి ఇంటికి మంచి టోపీ, మంచి బూట్లు ఉంటే చాలు అని. అన్న దాన్ని గొప్పగా చెప్పాడు. మన పెంకుటిళ్లలో చూరు, అరుగు ఉండేది అందుకే కదా అన్నాను. చూరు మూరెడు ముందుకు వస్తుంది, కింద రాతి అరుగు ఉంటుంది. కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి కట్టారనుకుంటాం, గోడ పాదం కూడా అదే. మిద్దెకు చూరు లేదు, మా దగ్గర వాన తక్కువ కాబట్టి. చూరు లేని లోటు తీర్చేది తూము, దాని కింద బండ.

"మట్టి నీళ్లకు ఆగదు" అని ఎవరైనా అంటే కంభం తీసుకుపోండి. విజయనగర కాలంలో, కృష్ణదేవరాయల భార్య, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకునే చెరువు. రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డంగా వేసిన మట్టికట్ట, ఎత్తు 57 అడుగులు. ఐదు వందల ఏళ్లుగా నది మొత్తాన్ని మట్టే ఆపుతోంది. నీళ్లవైపు వాలుకు రాతి పరుపు ఉంది, అల మట్టిని నేరుగా తాకదు. ఎక్కువైన నీళ్లు కట్ట మీంచి కాక పక్కన కొండ రాతి మీంచి పోయేలా అలుగు ఉంది. అంటే ఇక్కడ కూడా అదే. నీళ్లు దూకే చోట రాయి, ఆగే చోట మట్టి.

ఇదంతా చదివి అందరూ మట్టి ఇళ్లు కట్టుకోండి అని నేను చెబుతున్నానని అనుకోవద్దు. 1993 సెప్టెంబర్ 30న మహారాష్ట్రలో లాతూరు దగ్గర కిల్లారి భూకంపంలో వేలమంది చనిపోయారు. చాలామందిని చంపింది మట్టి అడుసుతో పేర్చిన రాతి గోడలు, వాటి మీది బరువైన మట్టి కప్పులు. మన మిద్దెలకు అవి దగ్గరి చుట్టాలు. మనకూ భూకంపాలు లేవనుకోకండి, 1967 మార్చి 27న ఒంగోలు 5.4 తీవ్రతతో కదిలింది. మట్టి ఇళ్లకు భూకంప జాగ్రత్తలు చెప్పే ఇండియన్ స్టాండర్డ్ ఒకటి ఉంది, 13827, 1993లో వచ్చింది. గోడ ఎత్తు మందానికి ఎనిమిది రెట్లు దాటకూడదు, తలుపు కిటికీల వెడల్పు 1.2 మీటర్లు దాటకూడదు, మూలకు దగ్గరగా కిటికీ పెట్టకూడదు అంటుంది. మా గోడ 45 ఇంటూ 8, 3.6 మీటర్లు. ఆ లెక్కలో పాసయింది. మూల దగ్గర కిటికీ ఉంది, అందులో ఫెయిల్. కప్పు బరువు అన్నిటికంటే పెద్ద సమస్య. చెంచుల తడిక గోడ, గడ్డి కప్పు ఈ పరీక్షలో మాకంటే మంచి మార్కులు తెచ్చుకుంటాయి.

ఇంకో చిక్కు లెక్కలకు అందనిది. జనాభా లెక్కల్లో మట్టి గోడ శాశ్వతం కాని వాటిలోకి పోతుంది. మాటల్లో కూడా అది కచ్చా ఇల్లు, స్లాబు ఇల్లు పక్కా. ఈజిప్టులో హసన్ ఫతీ అనే ఆర్కిటెక్టు 1940ల్లో న్యూ గుర్నా అనే ఊరిని మొత్తం మట్టి ఇటుకలతో, ఎంతో అందంగా కట్టాడు. ఎవరికోసం కట్టాడో వాళ్లు చాలామంది అందులోకి రాలేదు. మా నాన్న కూడా పడిన గదిని స్లాబుతోనే కడదామంటాడు. పిల్లను ఇచ్చేవాళ్లు మిద్దె చూసి వెనక్కి పోతారని మా అమ్మ భయం (అది నా గురించే). వాళ్లను తప్పు పట్టలేను. సలహా ఇచ్చి ఒకసారి చూశాం కదా.

చివరికి కుదిరిన ఒప్పందం ఇది. పడిన గది సంగతి తర్వాత. మిగిలిన గోడలు నిలబడతాయో లేదో ఒక వానాకాలం చూడాలి. ఈ ఎండాకాలం ఆ పని పెట్టుకున్నాం. ముందు లోపల దూలాల కింద గుంజలు పోటు పెట్టి బరువు వాటి మీదికి తీసుకున్నాం. సిమెంటు పూత మొత్తం ఒలిచాం. కొన్నిచోట్ల చేత్తో లాగితే అట్టముక్కలా ఊడి వచ్చింది, వెనక మట్టి మే నెలలో కూడా చల్లగా, తడిగా ఉంది. నెల రోజులు ఆరనిచ్చాం. ఇది ఓపిక పట్టాల్సిన పని, తడి మీద కొత్త మట్టి మెత్తితే అంటుకోదు. తర్వాత అడుగున తిన్న చోట రెండేసి అడుగులు మాత్రమే ఒకసారి తెరిచి, నేలకు అడుగు ఎత్తు దాకా రాళ్లు పేర్చి, ఒకటి విడిచి ఒకటి చొప్పున పూర్తి చేశాం. మొత్తం ఒకేసారి తెరిస్తే ఏమవుతుందో పైన లెక్కలో చూశారు. రాళ్ల పైన మాగిన మట్టి, ఇసుక, చొప్ప. చివరి పూతలో పేడ, దాని మీద సున్నం. సున్నం గాలి ఆడనిస్తుంది, సిమెంటులా మూసేయదు. అన్న అక్కడినుంచి వీడియో కాల్‌లో చూస్తూ, కరక్కాయ నీళ్లు, బెల్లం కలుపు అని చెప్పాడు. "అవి కోటలకు, గుళ్లకు వేసుకుంటారు. ముందు నువ్వు ఈడికొచ్చి తట్ట ఎత్తు" అంది అవ్వ.

తూము దగ్గర చిన్న గొడవ జరిగింది. పాత మట్టి గొట్టం పగిలిపోయింది. నేచురల్ బిల్డింగ్ అన్నాక మళ్లీ మట్టి గొట్టమే పెట్టాలని నేను, పీవీసీ పైపు వేయమని అవ్వ. "గోడకు రెండు మూరలు అవతల పడేట్టు పొడుగ్గా పెట్టురా, ఏ పైపైతే ఏంది" అంది. పీవీసీయే వేశాం. గుమ్మం ముందున్న బండను నలుగురం గడ్డపారలతో దొర్లించి దాని పాత చోటుకు చేర్చాం. బైక్ ఇప్పుడు బయటే ఉంటుంది.

గోడ అడుగున నాలుగు చోట్ల చిన్న మేకులు దిగ్గొట్టి, మేకు తల బయటికి ఎంత ఉందో రాసి పెట్టాను. పక్కనే ఒక పాత పలక తగిలించాను, తేదీ, వాన ఎంత పడిందో, మేకు ఎంత బయటపడిందో బలపంతో అవ్వే రాయించుకుంటుంది పక్కింటి పిల్లతో. మొదటి పెద్ద వాన తర్వాత ఫోన్ చేసింది. మూడు మేకుల దగ్గర ఏమీ లేదట. తూము వైపు మేకు దగ్గర మాత్రం కొంచెం రాలిందట. ఎంత అని అడిగితే, "చీమ తల అంత. నువ్వు పండక్కి వచ్చేటప్పుడు ఇంకో బుట్టెడు చొప్ప పట్టుకురా" అంది. నాన్న కార్తీకం దాటాక చెబుతానన్నాడు.